కమ్మెచ్చులో తీగ

బంగారు తీగ తీసే పలకని మేం కమ్మెచ్చు అంటాం. అరచేయంత ఉక్కు పలక, దానికి వరసగా బెజ్జాలు, చిటికెనవేలు దూరేదాని నుంచి సూదిమొన పట్టేదాకా. కరిగించి పోసిన కడ్డీని సుత్తితో సాగగొట్టి, మొన ఆకురాయితో సన్నం చేసి, పెద్ద బెజ్జంలో దూర్చి పటకారుతో లాగుతాం. తర్వాత పక్క బెజ్జం. ఆ తర్వాత దాని పక్కది. తొందరపడి రెండు దాటేసి మూడోదాంట్లో పెట్టామా, తీగ టప్పున తెగుతుంది. నాలుగైదు బెజ్జాలు లాగేసరికి తీగ పెళుసెక్కుతుంది. అప్పుడు కుంపట్లో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, మళ్ళీ మొదలెట్టాలి. నా పదకొండో ఏట మా నాన్న నేర్పిన మొదటి పని ఇదే. యాభై రెండో ఏట ఒక మాత్ర మానెయ్యబోయి, ఆ పని మర్చిపోయినవాడిలా చేశాను.

మాది పెంటపాడు. తాడేపల్లిగూడెం పక్కనే, మేమంతా గూడెం అనే అంటాం. గూడెం కొట్లవాళ్ళకి పని చేసిపెడతాను, ఊళ్ళోవాళ్ళకి చెవిపోగులు, ముక్కుపుడకలు, పుస్తెలు చేస్తాను. షోరూములు వచ్చాక మరమ్మతులే ఎక్కువయ్యాయనుకోండి. 2015లో మా అన్నయ్య పోయాడు. ఒకే కుంపటి దగ్గర ముప్ఫై ఏళ్ళు కూచున్నవాళ్ళం. ఏడుపు రాలేదు. ఆర్నెల్ల తర్వాత నిద్ర పోయింది, ఆకలి పోయింది, చేతిలో సుత్తి ఎందుకుందో తెలిసేది కాదు. పొద్దున్న మూడింటికి లేచి గోడకేసి చూస్తూ కూచునేవాణ్ణి. మా ఆవిడ బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎసిటలోప్రామ్, రోజుకి 10 మిల్లీగ్రాములు. ఐదో వారానికి టిఫిను రుచి తెలిసింది. ఆ మందు నన్ను నిలబెట్టింది. ఇక్కణ్ణించి నేను చెప్పబోయేదంతా చదివి, ‘చూశావా, ఆ మందులు విషం’ అని ఎవరైనా అనుకుంటే అది నా రాతలో లోపమే.

మానడానికి కారణం వైద్యం కాదు, పెళ్ళి. 2021 డిసెంబరులో మా పెద్దమ్మాయికి కైకలూరు వైపు సంబంధం మాట్లాడుతున్నాం. పిల్ల తండ్రి పిచ్చిమందులు మింగుతాడట అన్న మాట అక్కడికి చేరితే? డాక్టర్ని అడగలేదు. పదిరోజులు సగం మాత్ర వేసుకుని, మిగిలిన అట్ట కాలవలో పడేశాను. ఆరేళ్ళు వేసుకున్న మందుని పదిరోజుల్లో!

పూర్తిగా ఆపిన నాలుగో రోజు సాయంత్రం పుస్తెలకి టాకా వేస్తున్నాను. ఊదుగొట్టం నోట్లో ఉంది. పక్కనున్న పటకారు కోసం కళ్ళు తిప్పాను, తల లోపల జివ్వుమంది. కరెంటు తగిలినట్టే, కాని నొప్పి లేదు. అరక్షణం లోకం ఆగి మళ్ళీ నడిచినట్టుంది. ఇంకోసారి కళ్ళు తిప్పాను, మళ్ళీ అదే. ఆ రాత్రికి ముప్ఫై సార్లయినా వచ్చుంటుంది. వీటిని ఇంగ్లీషులో బ్రెయిన్ జాప్స్ అంటారని, ఈ మందులు మానినవాళ్ళలో చాలామంది ‘కళ్ళు పక్కకి తిప్పితే వస్తాయి’ అనే చెబుతారని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం పక్షవాతానికి ముందు వచ్చే సూచనేమో అనుకున్నాను.

తర్వాత వారంలో ఒక్కోటీ వచ్చి చేరాయి. నేల పడవలా ఊగడం. వాంతి వస్తున్నట్టుండి రాకపోవడం. పట్టపగల్లాంటి కలలు, చనిపోయిన అన్నయ్య వచ్చి కూలి డబ్బులు అడగడం. టీవీలో సబ్బు ప్రకటన చూసి వెక్కివెక్కి ఏడ్చాను. మర్నాడు టీలో పంచదార తక్కువైందని గ్లాసు గోడకేసి కొట్టాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అలాంటి పని చెయ్యలేదు. మా ఆవిడ ముక్కలేరుతూ ‘ఇది మీరు కాదండీ’ అంది. తిట్టినా బావుండేది.

మా వైపు ఇంకో భయం కూడా ఉంది. సరిగ్గా ఏడాది ముందు, 2020 డిసెంబరు మొదటి వారంలో, ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి ఆస్పత్రిపాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చెప్పారు. నేను తల పట్టుకుని అరుగుమీద కూచుంటే పక్కింటాయన, ‘ఆచారిగారూ, ఏలూరు జబ్బేమోనండి, ఏ నీళ్ళు తాగుతున్నారు?’ అన్నాడు. లోహాల పొగలో బతికేవాణ్ణి, నాకూ అదే అనుమానం. రక్తపరీక్ష చేయించాను, ఏమీ లేదు. చెవి డాక్టరు తలతిప్పుడికి మాత్రలిచ్చారు. ఇంకొకరు మెడ ఎముకలు అరిగాయన్నారు (నలభై ఏళ్ళు తల వంచి పనిచేసినవాడి మెడ అరక్కుండా ఉంటుందా!). ఒకరు గ్యాసన్నారు. స్కానింగు తీశారు, బావుందన్నారు. ‘ఈమధ్య ఏదైనా మందు మానేశారా?’ అని ఎవరూ అడగలేదు. వాళ్ళనని ఏం లాభం, నేనూ చెప్పలేదు. సంబంధం ఇంకా ఖాయం కాలేదు కదా.

ఫిబ్రవరిలో పెళ్ళయింది. సన్నాయి ప్రతి స్వరానికీ తలలో జివ్వుమంటుంటే, కళ్ళు తిప్పకుండా ఎదురుగా చూస్తూ కన్యాదానం చేశాను. ఫొటోల్లో దిష్టిబొమ్మలా ఉంటాను.

ఆఖరికి నేను పాత మందు సంగతి చెప్పిన ఒక డాక్టరు, జబ్బు తిరగబెట్టింది, ఈసారి రెట్టింపు మోతాదు, జీవితాంతం అన్నారు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. అప్పటికి మా చిన్నమ్మాయి బి.ఫార్మసీ చదువుతోంది. ‘నాన్నా, నీకు అప్పట్లో తలలో షాకులు కొట్టేవా?’ అంది. లేదు. ‘కొత్తగా వచ్చినవి పాత జబ్బెలా అవుతాయి?’ ఆ మాట పట్టుకుని 2022 మే నెలలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ గంటసేపు కూచోబెట్టి అడిగింది. మందు ఎప్పుడు ఆపారు, మొదటి ఇబ్బంది ఎన్నో రోజున, అది మునుపు ఉందా? పాత దిగులు తిరిగి రావాలంటే సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది, మెల్లగా కమ్ముకుంటుంది. మందు మానడంవల్ల వచ్చేది రోజుల్లో వస్తుంది, ఒళ్ళంతా వస్తుంది, తల తిరుగుడు, షాకులు, వికారం వెంటబెట్టుకుని వస్తుంది. ఎసిటలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి ముప్ఫై గంటలు పడుతుంది కాబట్టి, నాలుగో రోజు లెక్క సరిపోయింది. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఇంకా తొందరగా పోతాయి, ఒక్క పూట మర్చిపోయినా కొందరికి తెలిసిపోతుంది. ఫ్లూయాక్సెటిన్ వారాల తరబడి ఉంటుంది, అందుకని ఇబ్బందీ ఆలస్యంగా మొదలవుతుంది.

‘అంటే నాకు అలవాటైపోయిందా అమ్మా, సారాలాగా?’ అన్నాను. కాదంది. వ్యసనమైతే ఇంకా కావాలని నాలుక పీకుతుంది, ఎక్కువెక్కువ కావాలనిపిస్తుంది. నాకు అలా ఎప్పుడూ లేదు, సగం రోజులు వేసుకొమ్మని మా ఆవిడే గుర్తుచేసేది. ఇది మెదడు సర్దుబాటు. నరాల మధ్య సెరోటొనిన్‌ని వెనక్కి లాక్కునే ద్వారాలని మందు మూసి ఉంచుతుంది. ఆరేళ్ళు అలా ఉంటే మిగతా యంత్రాంగమంతా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మందు వారంలో ఒంట్లోంచి పోతుంది, సర్దుకున్నది వెనక్కి రావడానికి నెలలు పట్టొచ్చు. కొందరికి ఏడాది దాటుతుంది.

ఇది కొత్త సంగతనుకునేరు. దిగులు మందుల్లో మొట్టమొదటివాటిలో ఒకటైన ఇమిప్రమీన్‌ని స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు 1950ల్లో వాడి చూశాడు. దాన్ని ఆపితే రోగులు ఇబ్బంది పడుతున్నారని 1959లోనే రాశారు. తర్వాత 1987 డిసెంబరులో అమెరికాలో ప్రోజాక్‌కి అనుమతి వచ్చింది, ప్రపంచమంతా ఈ మాత్రలే. 1996లో ఒక మందుల కంపెనీ ఖర్చుతో నిపుణులు సమావేశమై దీన్ని ‘డిస్‌కంటిన్యుయేషన్ సిండ్రోమ్’ అన్నారు. ఆపడంవల్ల వచ్చే లక్షణాలని అర్థమట. నాకు ఇంగ్లీషు రాదుగాని, ఆ పేరు పెట్టడంలో నాజూకుతనం తెలుస్తూనే ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సూచనల్లో 2009 నుంచీ ఇవి మామూలుగా తేలికవి, వారంలో వాటంతటవే పోతాయని ఉండేది. 2019లో ఆ వాక్యం మార్చి, కొందరికి తీవ్రంగా, చాలాకాలం ఉండొచ్చని రాశారు.

ఎంతమందికి అన్నదానిమీద పండితులకి పడదు. 2019లో డేవిస్, రీడ్ అనే ఇద్దరు లెక్కగట్టి మానినవాళ్ళలో 56 శాతం అన్నారు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన జర్మన్ల సమీక్ష 31 శాతం అంది. అందులోనూ ఒక మెలిక ఉంది, ఉత్తుత్తి మాత్రలు ఆపినవాళ్ళలో కూడా 17 శాతం మందికి ఏదో ఒకటి వచ్చిందట. తీవ్రంగా బాధపడేవాళ్ళు సుమారు 35 మందిలో ఒకరు అని తేల్చారు. అంటే మీరు మానితే నాలాగే అవుతుందని కాదు, చాలామందికి కాదు కూడా. అయితే ఆ లెక్కల్లో ఎక్కువమంది కొద్దినెలలే మందు వాడినవాళ్ళు. నాది ఆరేళ్ళు. ఆ ముప్ఫయ్యైదో మనిషికి తన సంగతి నూటికి నూరు.

ఇక వైద్యం. డాక్టరమ్మ మునుపటి పది వద్దంది, అయిదుతో మొదలెట్టింది. ఆపిన వారంలోనే వచ్చి ఉంటే రెండు మూడు రోజుల్లో తేడా తెలిసేదని, అయిదు నెలలయ్యాక పూర్తిగా కుదురుతుందని మాటివ్వలేనని ముందే చెప్పింది. షాకులు నెలకి సగమయ్యాయి. కుదురుగా కూచుని పనిచెయ్యడానికి ఆగస్టు వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ చీటీ వెనక ఒక గీత గీసింది. కొండలా నిటారుగా లేచి, పైన బల్లపరుపుగా సాగే గీత. 2019లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ లాన్సెట్ సైకియాట్రీలో వేసిన బొమ్మట. హొరోవిట్జ్ తనూ మానసిక వైద్యుడే, తనూ ఈ మందు మానబోయి నానా అగచాట్లు పడ్డవాడే. దాని సారం ఇది. నా మందుకి అన్నలాంటి సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు వేసుకుంటే ఆ ద్వారాల్లో సుమారు 80 శాతం మూసుకుంటాయి. మూడింతలు, 60 వేసుకున్నా 88 దాటదు. కాని 3.4 మిల్లీగ్రాములకే 50 శాతం మూసుకుంటాయి. ఒకటిన్నరకి 30 శాతం. అంటే అరవై నుంచి ఇరవైకి దిగడం మెట్టు దిగడం. అయిదు నుంచి సున్నాకి దిగడం మేడమీంచి దూకడం. నేను ‘సగం మాత్రేగా’ అనుకుని దూకింది అక్కణ్ణించే.

గీత చూడగానే నాకు కమ్మెచ్చు కనబడింది. పెద్ద బెజ్జాల మధ్య తేడా కంటికి కనిపిస్తుంది. చివరి బెజ్జాల మధ్య తేడా భూతద్దం పెడితేగాని తెలీదు. తీగ సన్నబడేకొద్దీ ఒక్కోసారి తీసుకోగలిగేది తగ్గిపోతుంది కాబట్టే అలా చేస్తారు. ఆ మాటే అంటే డాక్టరమ్మ నవ్వి, ‘మరి ఇంకేం ఆచారిగారూ, మీకు కాటా కూడా ఉంది కదా!’ అంది.

బజార్లో దొరికే చిన్న మాత్ర 5 మిల్లీగ్రాములు. దాన్ని విరిస్తే రెండున్నర. అక్కణ్ణించి కిందకి ఏం చెయ్యాలో చీటీ రాసేవాళ్ళు చెప్పరు. కొందరు రోజు విడిచి రోజు వేసుకోమంటారు, అది కమ్మెచ్చులో తీగని ముందుకీ వెనక్కీ గుంజడమే. నెదర్లండ్స్‌లో రోజుకో పొట్లం చొప్పున కొంచెం కొంచెం తగ్గుతూ పోయే మాత్రల దండలు తయారుచేసి ఇస్తారట. మనకి నా మిల్లీగ్రాము కాటాయే గతి. మాత్ర బరువు వేరు, మందు బరువు వేరు. నగ బరువులో లక్కా, రాళ్ళూ కలిసున్నట్టే. నా 5 మిల్లీగ్రాముల మాత్ర కాటామీద 80 తూగింది. అంటే 16 తూకానికి ఒక మిల్లీగ్రాము మందు. నెలకి, అప్పుడు వేసుకుంటున్న దాంట్లో పదోవంతు తగ్గించాలి. ఎనభై, డెబ్బయ్యెండు, అరవయ్యైదు, యాభయ్యెనిమిది. మొదటి నెల తీసేసింది 8. ఆఖరి నెల తీసింది ఒక్కటి కూడా లేదు. సన్నటి ఆకురాయితో మాత్రని రాపి, ఈకతో కాటామీదకి ఎత్తేవాణ్ణి. మా వృత్తిలో తరుగు అంటే పనిలో పోయే బంగారం, దానికి కస్టమరు దగ్గర మాట పడతాం. జీవితంలో మొదటిసారి తరుగు కోసమే పనిచేశాను.

ఇక్కడ గట్టిగా ఒక మాట. ఇది డాక్టరు చెప్పాక, మామూలు మాత్రతో చేసిన పని. ‘ఎక్స్‌టెండెడ్ రిలీజ్’ అని రాసి ఉన్నవాటిని, నెమ్మదిగా కరిగేట్టు చేసిన గొట్టాలని రాపకూడదు, నూరకూడదు. రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. ఇంకోటి, నాకు కొత్తగా తెలిసింది. మనం పప్పు బెల్లాల్లా మింగే గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్ ఎసిటలోప్రామ్‌ని రక్తంలో పెంచుతుంది. తగ్గించే రోజుల్లో దాన్ని వేసుకుంటూ మానుతూ ఉంటే, మన లెక్క ఒకటి, ఒంటి లెక్క ఒకటి.

2022 సెప్టెంబరులో మొదలెట్టాను. రెండుసార్లు ఒక్కో నెల ఎక్కడివాళ్ళం అక్కడే ఆగాం, పెద్దమ్మాయి పురుడప్పుడొకసారి, మా ఆవిడ కంటి ఆపరేషనప్పుడొకసారి. కాల్చి చల్లార్చడమన్నమాట. ఆఖరి 8 తూకం దగ్గర రెండు నెలలు ఉండి, 2024 దసరాకి ఆపేశాను. ఆయుధపూజనాడు కాటాకి బొట్టు పెడుతుంటే మా ఆవిడ ఇంకో బొట్టు పెట్టింది.

రెండేళ్ళు ఎలా గడిచాయంటే, కెరటాల్లా. పదిరోజులు బావుంటుంది, అయిపోయిందనుకుంటాను. పదకొండో రోజు ఏ కారణమూ లేకుండా నేల ఊగుతుంది. మొదట్లో ప్రతి కెరటానికీ బెదిరి, పొద్దున్న లేవగానే కళ్ళు ఇటూ అటూ తిప్పి షాకు వస్తుందో లేదో చూసుకునేవాణ్ణి. దానివల్ల వచ్చేది కూడా. డాక్టరమ్మ ఆ పరీక్ష మానిపించి, పుస్తకం రాయమంది. కొట్లో బంగారం జమాఖర్చు రాసే పొడుగు పుస్తకమే ఒకటి తీశాను. తారీఖు, తూకం, నిద్ర ఎన్ని గంటలు, ఆ రోజు ఇబ్బంది పదికి ఎంత. మూడు నెలలయ్యాక వెనక్కి తిప్పితే కనిపించింది, కెరటాలు పోలేదుగాని మధ్య ఒడ్డు వెడల్పవుతోంది. ఇది మనసుకి తెలీదు, పుస్తకానికి తెలుస్తుంది.

మిగతావన్నీ చిన్న విషయాలే. పడుకున్నా నిద్ర పట్టకపోయినా లేచే టైము మాత్రం అయిదింటికే. పొద్దున్న కాలవగట్టు మీద నడక, తల తిరిగే రోజుల్లో మా ఆవిడ చెయ్యి పట్టుకుని. ఊళ్ళోవాళ్ళు ఈ వయసులో సరసమేంటని నవ్వుకున్నారు, నవ్వుకోనీండి. మధ్యాహ్నం తర్వాత టీ లేదు. కల్లు, బ్రాందీ ముట్టలేదు. బండి నడపడం ఏడాది మానేశాను, గూడెం ఆటోలోనే. టాకా పని బాగున్న రోజుకి వాయిదా, బాగోని రోజు పాత నగలు మెరుగు పెట్టడం. బంధువులు చెప్పిన కొత్త చూర్ణాలు, లేహ్యాలు దండం పెట్టి పక్కన పెట్టాను. తగ్గించేటప్పుడు ఇంకోటి కలిపితే ఏది దేనివల్లో ఎవరు చెప్పగలరు? నిద్రమాత్రలు కూడా ఒద్దంది డాక్టరమ్మ, వాటిని మానడం దీనికంటే కష్టం కావచ్చట.

కెరటం వచ్చినప్పుడు కోపంలో ఏ మాటా అనకుండా ‘ఈవేళ నాది కాదు’ అనేవాణ్ణి. ఇంట్లో అందరికీ అర్థమయ్యేది.

2023 శీతాకాలంలో వియ్యంకుడుగారు మమ్మల్ని కొల్లేరు చూపిస్తానని ఆటపాక తీసుకెళ్ళారు. చెట్లనిండా గూడబాతులు, గంపంత ముక్కులతో. పడవ ఊగుతుంటే నాకు గుండె ఝల్లుమంది, కాని నీళ్ళమీద నిజంగా ఊగేదే కదా అని నవ్వొచ్చింది. భోజనాలయ్యాక ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీశారు. అదే మందు. మూడేళ్ళుగా వేసుకుంటున్నారట. ‘మీరేమనుకుంటారోనని పెళ్ళప్పుడు చెప్పలేదు బావగారూ’ అన్నారు. నేను కాలవలో పారేసిన అట్ట గుర్తొచ్చింది.

ఆయన మానలేదు. మానాల్సిన పనీ లేదు. బ్రిటన్‌లో చాలాకాలంగా మందు వాడుతూ బాగున్న 478 మందిని రెండుగా విడదీసి చూశారు, 2021లో ఫలితం వచ్చింది. మెల్లగా ఆపినవాళ్ళలో 56 శాతం మందికి ఏడాదిలోపు దిగులు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్ళలో 39 శాతానికి. ఉంచుకోవడమూ తప్పు కాదు, మానడమూ తప్పు కాదు, చెప్పకుండా తెంపడమే తప్పు. మందు తెంపాక గడిచిన ఆ మొదటి నెలల్లో ఒక రాత్రి కాలవ వంతెన మీద నేను నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇక్కడ రాయను. అప్పటికి 14416 నంబరు లేదు. మనసు బాగోనివాళ్ళ కోసం టెలీ మానస్ అని కేంద్రం పెట్టింది, 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది. ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు కాటా పక్కన గోడమీద సున్నంతో రాసిపెట్టుకున్నాను.

ఇప్పటికీ చెవిలో సన్నగా కీచురాయి అరుస్తుంటుంది. నిద్ర తక్కువైన మర్నాడు ఒకటో రెండో షాకులు. అన్నయ్య తద్దినంనాడు ఏడుపొస్తుంది, ఆ ఆరేళ్ళూ రానిది. అది జబ్బు కాదని డాక్టరమ్మ అంది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక, లెక్క చూసుకుందామని ఆ పొడుగు పుస్తకం తీశాను. నవంబరు తర్వాత నేను ఏమీ రాయలేదు. ఎందుకు మానేశానో గుర్తు రాలేదు. ఖాళీ పేజీల్లో మా ఆవిడ పాల లెక్క రాసేసింది, లీటరున్నర, లీటరున్నర, పిల్లలొచ్చిన నాలుగురోజులూ మూడు లీటర్లు.